కొంగున కట్టిన గోలి

జొన్నపిండి పిసుకుతున్న జములమ్మకు నడుములో మొదలైన నొప్పి చుట్టుకుంటూ పొత్తికడుపు దాకా వచ్చింది. పిండి చేతిని చీరకే తుడుచుకుని ముందుగా కొంగు చివర ముడి తడుముకుంది. ఉంది. గోలి ఉంది. అప్పుడు గానీ ఆమె నొప్పికి అమ్మా అనుకోలేదు.

ఒకే ఒక్క గోలి అది. వనపర్తి దవాఖానలో జయశ్రీ మేడం తలుపు దగ్గరగా వేసి, రేకులో ఉన్న గోలిని అరచేతిలో పెట్టి, పిడికిలి మూయించి మరీ ఇచ్చింది. కడుపుతో వచ్చిన వాళ్ల రక్తపరీక్షల సంగతి కూర్చోబెట్టి చెప్పే మనిషి ఆమె.

"నొప్పులు మొదలైనయని తెలియంగనే నీళ్లతోని మింగెయ్యి జములమ్మా, ఆలస్యం చెయ్యకు. కాన్పు దవాఖానలనే చేపించుకో. బిడ్డ పుట్టినంక మూడు దినాల లోపల చుక్కల మందు పొయ్యాలె. గోలి నీకు, చుక్కలు బిడ్డకు. రెండూ పడితె నీ బీమారి బిడ్డకు అంటుతదన్న భయం తగ్గుతది."

"పోతదా మేడం, తగ్గుతదా?"

"తగ్గుతది," అంది జయశ్రీ. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. చెప్పినా బాగుండేది! ఆ 'తగ్గుతది' అన్న మాట ఆనాటి నుంచి జములమ్మను నిద్రపోనియ్యలేదు.

ధైర్యానికని ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. ఈ జిల్లాలో కడుపుతో ఉన్నవాళ్లు నూరు మంది వస్తే ఒకరికో ఇద్దరికో ఉంటున్నదని, నువ్వొక్కదానివే కాదని. దానితో ధైర్యం ఎక్కడిది? బయట బల్లల మీద కడుపులు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లందరినీ జములమ్మ ఒక్కసారి కలయజూసింది. వీళ్లంతా బాగున్నారు, ఆ ఒక్కదాన్ని నేనే అయ్యాను అనుకుంది. మరి ఆ రెండో ఆమె ఎవరు? అప్పటి నుంచి బస్సులో, బోరింగు కాడ, సంతలో కడుపుతో ఎవరు కనబడినా వెతుక్కునేది. ఎవరి మొహం మీదా ఏమీ రాసి లేదు. తన మొహం మీద మాత్రం రాసి ఉందా, ఎవరికి తెలుస్తుంది?

ఎవరికీ చెప్పలేదు. మొగుడు భీమన్న, ఆమె అన్న ఎల్లన్న ఒకే గుంపు మేస్త్రి కింద బొంబాయిలో బిల్డింగుల పనికి పోయి ఉన్నారు. కిరాణా కొట్టు ఫోనుకు భీమన్న చేస్తే, పది మంది నిలబడి వినే చోట ఏమని చెబుతుంది? గోపాల్‌పేట అత్తగారింట్లో తెలిస్తే ఏమవుతుందో మాత్రం తెలుసు. ఆ పక్క ఊళ్లోనే ఒకామెకు బీమారి అని తెలిసి పశువుల కొట్టంలో మంచం వేశారు, తినే పళ్లెం దూరం నుంచి తోసేవాళ్లు. ఆమె పోయినప్పుడు మోయడానికి మనిషి దొరకలేదని అత్తే చెప్పింది, చెబుతూ చెబుతూ తన చెంగుతో ముక్కు మూసుకుంది కూడా.

తొలికాన్పు పుట్టింట్లో కావాలి గనక తల్లి ఈదమ్మ ధరూర్ పక్కనున్న తమ ఊరికి తోలుకొచ్చింది. గద్వాల దవాఖానకే పోతానని జములమ్మ మొండికేస్తే, "సరే తియ్యవే, రాజకుమారివి," అని నవ్వి ఒప్పుకుంది. అంతా కుదిరిందనుకుంటే ముసురు పట్టింది. ఊరికీ రోడ్డుకూ నడుమ వాగు వచ్చింది. నిన్నటి నుంచి ఆటో ఒక్కటి రాలేదు.

ఇంకో నొప్పి వచ్చింది. మింగాలా? మొన్న కూడా ఇలాగే వచ్చి పోయింది. ఇది ఉత్త నొప్పి అయితే? మింగేసిన తర్వాత తగ్గిపోతే? మళ్లీ అసలు నొప్పులు వచ్చిన నాడు కొంగులో ఏముంటుంది, ఉత్త ముడి తప్ప? మింగకుండా కూర్చుంటే, బిడ్డ ముందే వచ్చేస్తే? పిండి ముందు కూర్చున్నది కూర్చున్నట్టే చెమటతో తడిసిపోయింది. చివరికి నీళ్ల కోసమని లేచి కుండ దాకా పోయింది. అక్కడే కాళ్ల వెంట ఉమ్మనీరు కారింది.

"ఓ ఇనబడుతున్నదా! ఆటో చూడు! బిడ్డకు నొప్పులొచ్చినయి!" అని మొగుడు యాదయ్యను కేకేస్తూనే ఈదమ్మ ఆమెను కుండ దగ్గర నిలబడనియ్యకుండా గదిలోకి నడిపించుకుపోయింది. యాదయ్య వానలోనే వాగు దాకా ఉరికిపోయి నడుము దాకా తడిసి వచ్చాడు. "దాటరాదు. ఎద్దులు గూడ నిలువయి," అన్నాడు. ఇక చేసేదేముంది? మంత్రసాని రాధమ్మకు కబురు పోయింది.

గొంగడి కప్పుకుని రాధమ్మ వచ్చింది. ఊళ్లో సగం మందిని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆమే. జములమ్మను కూడా. వస్తూనే గొంగడి విసిరి, "ఏందే ఈదమ్మా, ఇల్లంత బిగదీసి పెట్టినవు? ముడులిప్పు!" అని గదిమింది.

కాన్పు వేళ ఇంట్లో ముడి ఉండగూడదు, తాళం ఉండగూడదు. ఉంటే బిడ్డ దిగదని వాళ్ల నమ్మకం. ఈదమ్మ ఇనుపపెట్టె తెరిచి మూత వెనక్కి వేసింది. గింజల గుమ్మి మూత తీసింది. దండెం తాడు విప్పింది. యాదయ్య పోయి ఎద్దుల పలుపులు విప్పితే అవి వానలో ఎక్కడికీ పోలేక అక్కడే నిలబడ్డాయి. అన్న ఎల్లన్న భార్య రజిత వెనక కూర్చుని జములమ్మ భుజాలు పట్టుకుని జడ విప్పింది. ఈ సందట్లో నీళ్లు కావాలని జములమ్మ రెండుసార్లు అడిగింది, ఎవరి చెవినా పడలేదు. అందరూ విప్పడంలో ఉన్నారు. రాధమ్మ చెయ్యి కొంగు మీదికి వచ్చింది.

"అది వద్దు పెద్దమ్మా! వద్దు!"

"ఏంది వద్దు? నడుమ గింత ముడి పెట్టుకొని బిడ్డ దిగాలంటె ఎట్ల దిగుతదే, పిచ్చిదానా?"

ముడి విడిపోయింది. గోలి రాధమ్మ అరచేతిలో పడింది.

అయిపోయింది, ఇప్పుడు అమ్మ అడుగుతుంది, ఏం గోలి, ఎందుకు దాచినవని. చచ్చిపోయినా బాగుండు అనుకుంది జములమ్మ. నిజంగానే అనుకుంది, కడుపులో బిడ్డ ఉన్న సంగతి కూడా మరిచి.

రాధమ్మ మాత్రం పకపకా నవ్వింది. "ఓసినీ! నీకు గూడ ఇచ్చిన్రా? ఇది సుఖకాన్పు గోలి గద!"

"అంటె ఏంది?" అంది ఈదమ్మ.

"నాకెరుక లేదా? ముడులిప్పేది నేనే గద. బొడ్రాయి కాడి ఇంటి చిన్న కోడలు కొంగుల గిదే ఉండె. బడెనక ఇంటి పిల్ల కొంగుల గిదే. నిరుడు మీ రజిత కొంగుల గూడ గిదే రేకు, గిదే గోలి. ముగ్గురు మింగిన్రు, ముగ్గురు సులువుగ కన్నరు. దవాఖానోళ్లు అందరికియ్యరు మల్ల! ఎవలనో చూసి ఇస్తరు."

భుజాల మీద రజిత చేతులు బిగిశాయి. జములమ్మ తల వెనక్కి తిప్పి చూసింది. రజిత ఆమెనే చూస్తోంది. కళ్లలో నీళ్లు లేవు, మొహం పాలిపోయి ఉంది. నిరుడు రజిత తల్లిదండ్రులు లేబరు పనికి పుణె పోయి ఉంటే ఆమెకు కొడుకు ఈ ఇంట్లోనే, ఈ గదిలోనే పుట్టాడు.

తను కాన్పుకు వచ్చిన ఈ నెల రోజులూ ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నారు. తిన్న పళ్లెం తనే కడుక్కుని పక్కన పెట్టుకునేది జములమ్మ. రజిత కూడా అంతే. వదినకు ఎంత ఎచ్చులో అని జములమ్మ లోపల నవ్వుకుంది కూడా. ఆ రెండో ఆమె కోసం వనపర్తి నుంచి గద్వాల దాకా బస్సుల్లో వెతుక్కుంటూ వచ్చింది కదా, ఆమేమో ఇక్కడే తన తల దువ్వుతూ కూర్చుంది! మరి బొడ్రాయి కాడి ఆమె? బడి వెనక పిల్ల? నూటికి ఒకరో ఇద్దరో అన్న మేడం ఈ ఊరి ముడులు చూడలేదు. అన్న ఎల్లన్న మొహం గుర్తొచ్చింది. జములమ్మకు ఏడుపు వచ్చింది, ఏడుస్తుంటే నొప్పి వచ్చింది, ఏది దేనికో తెలియకుండా అరిచింది.

"ఓర్సుకో ఓర్సుకో," అంటూ రాధమ్మ గోలిని రేకులోంచి తీసి వేళ్ల మధ్య పట్టుకుంది. "ఈదమ్మా, ఒక మాట. మూలింటి పిల్ల నిన్నటి సంది నొప్పులు తింటున్నది, బిడ్డ దిగుతలేదు. గీ గోలి సగం తుంచి దానికిస్త. సగం మన పిల్లకు చాలు."

"ఇయ్యి, ఇయ్యి. అది గూడ ఒక తల్లి కన్నదే గద. మనకు పుణ్యముంటది," అంది ఈదమ్మ. ఆమె అంతే. తన నోట్లో ముద్ద అయినా తీసి పెట్టే మనిషి.

"నాకే గావాలె! మొత్తం నాకే!" అని అరిచింది జములమ్మ.

ఈదమ్మ తెల్లబోయింది. "అదేం మాటనే? పక్కింటి పిల్ల ప్రాణం మీదికొస్తె నీకు సగం గోలి బరువైందా? గట్ల పెంచిన్నా నిన్ను?"

ఏం చెప్పాలి? ఎందుకు కావాలో చెబితే గానీ ఇవ్వరు. చెప్పిన తర్వాత ఈ అమ్మ ఇలాగే ఉంటుందా? రాధమ్మ బొటనవేలి గోరు గోలి నడుమ ఆనింది. నొక్కితే రెండు ముక్కలు. జములమ్మ ఆ చెయ్యి పట్టుకోబోయింది, అందలేదు.

రజిత భుజాలు వదిలేసి లేచింది. రాధమ్మ చేతిలోంచి గోలి గుంజుకుంది. జములమ్మ నోట్లో వేసి, చెంబు పెదవులకు ఆనించి, "మింగు," అంది. జములమ్మ మింగింది. గొంతు దిగేదాకా రజిత ఆమె గడ్డం వదల్లేదు.

"నీకేం రోగమొచ్చిందే?" అని ఈదమ్మ కోడలి మీద లేచింది. "ఆ పిల్లకు సగమిస్తనంటె గుంజుకుంటవా? గింత కడుపుమంటనా? నిన్ను మంచిదనుకుంటి!"

"సగం పని చెయ్యదు అత్తా," అంది రజిత మెల్లగా. తిట్లన్నీ తల వంచుకుని పడింది. అత్త ఆగిన తర్వాత, సంత నుంచి కూరగాయలు తెచ్చిన నల్ల కవర్లు మూలనుంచి వెతికి తెచ్చి రాధమ్మకు ఇచ్చింది. "పెద్దమ్మా, ఇవి చేతులకు తొడుక్కో."

"నా చేతులకేమైందే? నీ మొగుణ్ని గీ చేతులతోనే తీసిన. కవర్లు తొడుక్కొని బిడ్డను పట్టాల్నా, చేపనా అది?" అని రాధమ్మ కవర్లు పక్కకు తోసేసి మోకాళ్ల మీద కూర్చుంది.

జములమ్మ ఆ చేతుల వంక చూసింది. పొలం పనికి, బూడిదకు పగిలిపోయిన చేతులు. వేలి కణుపు మీద కొడవలి గాటు ఇంకా ఎర్రగా ఉంది. నిరుడు రజిత చెప్పలేకపోయింది, ఆ చేతులు అలాగే రక్తంలో పడ్డాయి. ఆ ముందు బడి వెనక పిల్ల చెప్పలేకపోయింది. ఇప్పుడు తను. తన గోలి తనకు పడింది, ఇక నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. అత్తగారింటి పశువుల కొట్టం కళ్ల ముందు ఆడింది. నొప్పి మళ్లీ లేస్తోంది, రాధమ్మ చేతులు దగ్గరికి వస్తున్నాయి.

"పెద్దమ్మా, నన్ను ముట్టకు. నాకు ఆ బొంబాయి బీమారి ఉన్నది. రక్తంతోని అంటుతది. ఆ గోలి సుఖకాన్పుది కాదు. నా బీమారి బిడ్డకు పోకుండ ఇచ్చిన్రు."

రాధమ్మ చేతులు గాల్లోనే ఆగాయి. వాటిని తన మొహం దగ్గరికి తెచ్చుకుని, ఎవరివో చూసినట్టు చూసుకుంది. లేచి వెనక్కి వెనక్కి నడిచి తలుపు దగ్గర కూలబడింది.

ఈదమ్మ నెత్తి కొట్టుకుంది. "వాని చేతులు పడిపోను! ఆ భీమన్నగాడు నా బిడ్డ గొంతు కోసెగద! బొంబాయిల తిరిగి తిరిగి తెచ్చి నా బిడ్డకు అంటిచ్చెగద! వాన్ని కన్న తల్లి కడుపు..." అంటూనే ఉండగా రజిత మీద చూపు పడింది. మీ రజిత కొంగుల గూడ గిదే అని రాధమ్మ ఇందాక అన్న మాట అప్పుడు అందింది. బొంబాయిలో భీమన్నతో కలిసి తిరిగేది ఎవరు? తను కన్న ఎల్లన్నే. ఈదమ్మ నోట్లో శాపం అక్కడే ఆగిపోయింది. కోడలి వంక చూస్తూ గోడకు ఆనుకుంది.

"నువ్వు గూడనా?" అంది.

రజిత తల ఊపింది.

జములమ్మ కేక పెట్టింది. ఈసారి ఆపుకోవడం ఆమె చేతిలో లేదు. రజిత కవర్లు తన చేతులకు తొడుక్కుని మణికట్ల దగ్గర దారంతో కట్టుకుంది. "పెద్దమ్మా, నాకు రాదు. అక్కడనే కూసొని చెప్పు, నేను చేస్త. ఏం జేయాల్నో చెప్పు," అంది. రాధమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "పెద్దమ్మా! నీ కాళ్లు మొక్కుత!"

ఆఖరికి రాధమ్మ లేచింది. "నీకు రాదే. మెడకు పేగు చుట్టుకుంటె చంపుతవు," అని రజితను జరిపి, కవర్లు తను వేసుకుంది. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకుంది. వేసుకుంటూ ఏడ్చింది. కోపంతోనో భయంతోనో ఆమెకే తెలియాలి. ఎప్పుడూ కాన్పులో బూతులాడి నవ్వించే మనిషి, ఆ పూటంతా ఊఁ, ఆఁ తప్ప మాట్లాడలేదు.

పొద్దు వాలకముందే ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది, గట్టిగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు. రాధమ్మ కొత్త బ్లేడుతో బొడ్డు కోసి, బిడ్డను ఈదమ్మకిచ్చి, కవర్లు పొయ్యిలో పడేసి, చేతులు బూడిదతో తోముకుంటూ కూర్చుంది. కడుగుతుంది, చూసుకుంటుంది, మళ్లీ కడుగుతుంది.

"గద్వాలల పరీక్ష చేస్తరు పెద్దమ్మా. నేను తోల్కపోత," అంది రజిత.

"నిరుడు చెప్పకపోతివి," అంది రాధమ్మ. గొంగడి కప్పుకుని పోయింది.

మర్నాడు ఎండ వచ్చింది. వాగు మోకాలి లోతుకు తగ్గిందని యాదయ్య చెప్పాడు. జములమ్మ మంచం మీద నుంచే తల్లిని పిలిచింది. "అమ్మా, పిల్లకు చుక్కల మందు పొయ్యాలె. మూడు దినాల లోపలనే పొయ్యాలె. నేను లేవలేను. తీస్కపోతవా?" అంది. భయంతో అడిగింది. పురుడు వెళ్లకుండా పసిబిడ్డ గడప దాటడం ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు.

ఈదమ్మ లేచి మెత్తటి పాత చీర మడత వేసి పిల్లను చుట్టింది. ఎత్తుకుని గడప దాకా పోయింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. రజిత చంకలో కొడుకును వేసుకుని నిలబడి ఉంది. ఏడాది దాటినా చేతులు పుల్లల్లా ఉన్న పిల్లవాడు. జ్వరం తగ్గితే విరేచనాలు, అవి తగ్గితే జ్వరం.

"నిరుడు వీడు పుట్టినప్పుడు," అంది ఈదమ్మ, "గద్వాలకు తీస్కపోత అత్తా, ఒక్కసారి పోయొస్త అత్తా అని రెండు దినాలు ఏడ్సినవు. పురుడు ఎల్లలేదని నేను గీ గడపకడ్డం కూసున్న. కదలనియ్యలే."

రజిత కొడుకు తల మీద చెయ్యి వేసింది.

"గీ చుక్కలకేనా?"

"చెప్పలేకపోతిని అత్తా," అంది రజిత.

ఈదమ్మ మనవడి వంక చూసింది. ఆమె పెదవులు కదిలాయి గానీ ఏమన్నదో జములమ్మకు వినబడలేదు. ఆఖరికి, "వాన్ని గూడ పట్టుకొని రా. చూపిద్దాం," అంది. "చూపిద్దాం," అని మళ్లీ అంది, ఎవరికి చెబుతున్నదో తెలియకుండా.

ఈదమ్మ పసిదాన్ని రొమ్ముకు అదుముకుని గడప దాటింది. వెనకే రజిత దాటింది. తల్లి భుజం మీద నుంచి పిల్లవాడు జములమ్మను చూసి నవ్వాడు. ఆమె తిరిగి నవ్వలేకపోయింది.